కంప్యూటరుకి చుక్కలు నేర్పిన ముగ్గురు బోర్డు ఆర్టిస్టులు

ఫోనుకి నోటితో ఒక ముక్క చెబితే చాలు, బొమ్మ గీసి చేతిలో పెడుతోందని మురిసిపోతున్న కుర్రకారుకి ఈ సంగతి చెప్పి తీరాలి. మీ ఫోనులో కాపురం ఉంటున్న ఆ మహామేధావి ఉన్నాడే, వాడి ముత్తాతని నేను ఒళ్ళో కూచోబెట్టుకుని ఓనమాలు దిద్దించాను. నేనొక్కణ్ణే కాదు, ముగ్గురం. ముగ్గురం కలిసి వాణ్ణి ఎంత శ్రద్ధగా పాడుచేశామో కూడా చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. నేను ఏలూరులో బోర్డు ఆర్టిస్టుని. ‘కాఫీ, టిఫిను సిద్ధము’ అని నేను రాసిన బోర్డు చూసి, అప్పుడే భోంచేసి చెయ్యి కడుక్కున్నవాళ్ళు కూడా లోపలికి వెళ్ళి ఇడ్లీ చెప్పేవారు. ‘ఈ గోడపై ప్రకటనలు అతికించరాదు’ అని రాస్తే ఆ గోడ మీద బల్లి కూడా వాలేది కాదు. అంత అక్షరం నాది.

అలాంటి ఊళ్ళోకి ఒకనాడు ఫ్లెక్సీ మిషను దిగింది. మేం రెండు రోజులు నిచ్చెన మీద వేలాడి వేసే మొహాన్ని అది మేం టీ గ్లాసు కింద పెట్టేలోపు చుట్ట చుట్టి బయటికి తోసేసేది. ఏడాది తిరిగేసరికి నా కుంచెలకి చెదలు పట్టాయి. చెదలకి కూడా ఆకలేసి, ఇందులో సారం లేదని వెళ్ళిపోయాయి.

ఆ సమయంలో తాడేపల్లిగూడెం పక్కన ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ నుంచి కబురొచ్చింది. బొమ్మలు గీసేవాళ్ళు కావాలట, కొన్నాళ్ళ పని, బాగుంటే పర్మనెంటు. ‘పర్మనెంటు’ అనే మాట నా జీవితంలో అంతవరకు పెయింటు డబ్బా మీద తప్ప ఎక్కడా చదవలేదు. ఏలూరు స్టేషనులో పాసింజరు ఎక్కి, నిలబడే వెళ్ళాను. కూర్చుంటే చొక్కా ఇస్త్రీ నలిగిపోతుందని భయం.

అక్కడ నాతోపాటు ఇంకో ఇద్దరు తేలారు. ఒకాయన మా ఏలూరు పెద్దాయనే. సినిమా హాళ్ళకి కటౌట్లు వేసినవాడు. ఆయన వేసిన హీరో మీసం మీద ఇద్దరు మనుషులు కూర్చుని రంగు వేసేవారంటే నమ్మండి. చిన్న కాగితం ఇస్తే ఆయనకి ఊపిరాడదు. ఇంకొకతను పెంటపాడు వైపు నుంచి వచ్చిన చర్చి ఆర్టిస్టు. గుడారాల పండగలకి స్టేజీ వెనక తెరలు, గోడల మీద వాక్యాలు రాసేవాడు. అతను మాట్లాడితే పక్కనున్నవాడికి కూడా వినపడదు. వినపడకపోయినా చివర్న ‘అండీ’ ఉందని మాత్రం తెలుస్తుంది.

మమ్మల్ని పిలిపించినావిడ కంప్యూటర్ లెక్చరరు. దెందులూరు దగ్గర టీచర్ల కుటుంబం అమ్మాయి. వయసులో మా అందరికన్నా చిన్నది, మాకు మాత్రం మేడమ్ గారు. ఆవిడ ముందే తేల్చి చెప్పేసింది.

“పల్లెటూరి పిల్లలు సాయంత్రం ఆకాశం చూసి, కనిపించిన చుక్కలు కాగితం మీద పెడతారండి. ఆ కాగితం చూసి అది ఏ నక్షత్రాల గుంపో మన కంప్యూటరు చెప్పాలి. వేటగాడా, వృశ్చికమా, హంసా, సప్తర్షులా అని.”

“ఆ నాలుగూ ఎలా ఉంటాయో దానికి మీరు చెప్పెయ్యొచ్చు కదమ్మా” అన్నారు పెద్దాయన.

“చెప్పనండి. చూపిస్తాను. చంటిపిల్లకి ఆవుని చూపించి ఆవు అంటామే, అలాగ. రకరకాల చేతుల్తో గీసిన బొమ్మలు వందలకొద్దీ చూపించి పేరు చెబితే, తేడా అదే కనిపెట్టుకుంటుంది. అందుకే మీరు కావాలి.”

“అయితే మేం దానికి గురువులమన్నమాట” అన్నాను.

“ఆయ్, గురువులేనండి” అంది మేడమ్ నవ్వుతూ. ఆ నవ్వు చూసి నేను ఆ రోజే ఒక శాలువా కొనుక్కుందామనుకున్నాను.

కాలేజీ యజమాని, కరస్పాండెంటుగారు, ఆ గదిలోకి రోజుకొకసారి తొంగిచూసేవారు. రైసుమిల్లు మనిషి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజం మీద జరీ కండువా. ఆయన ఎప్పుడొచ్చినా ఒకటే ప్రశ్న.

“దీనివల్ల ఉపయోగం ఏంటండీ?”

మేడమ్ ఓపిగ్గా చెప్పేది. పల్లెల్లో బళ్ళకి ఈ యంత్రాన్ని వ్యానులో తీసుకెళ్ళొచ్చు, పిల్లలకి సైన్సు మీద ఇష్టం పుడుతుంది, కాలేజీకి పేరొస్తుంది అని. ఆయన అంతా విని, “అదిసరేనండి, ఉపయోగం?” అని వెళ్ళిపోయేవారు. ఒకనాడు మాత్రం ఒక మాట ఎక్కువ అన్నారు. సిటీ నుంచి పెద్ద ప్రొఫెసరుగారు వస్తున్నారు, ఆయన ముందు ఇది పనిచేస్తే వ్యాను ఇస్తాను, ఈ ముగ్గుర్నీ ఉంచుతాను. చెయ్యకపోతే గది ఖాళీ చెయ్యండి, పిల్లల ల్యాబుకి చాలట్లేదు.

అంతే. మేడమ్‌కి ఆ యంత్రం, మాకు ఆ ఉద్యోగం, రెండూ ఒకే తాడుకి వేలాడాయి.

పనిలోకి దిగాం. ఇక్కడే మీరు జాగ్రత్తగా వినాలి. మేడమ్ చెప్పింది ముగ్గురూ అన్ని గుంపులూ గీయమని. ఆవిడ అలా వెళ్ళగానే పెద్దాయన కుర్చీ వెనక్కి జరిపి, “అలా అందరూ అన్నీ గీస్తే పని తెమిలేదెప్పుడబ్బాయ్?” అన్నారు. మా వృత్తిలో పద్ధతి అది. పెద్ద కటౌటు వస్తే మొహం ఒకడు, బట్టలు ఒకడు, అక్షరాలు ఒకడు. ఎవడి ముక్క వాడిది. అలాగే ఆకాశాన్ని పంచుకున్నాం.

వేటగాడు పెద్దాయనకి. నడుముకి పటకా, దానికి కత్తీ ఉన్న మనిషి కాబట్టి, హీరోలందరూ తనకే చెందుతారని ఆయన లెక్క. హంసని ఇంగ్లీషు పుస్తకాల్లో సిలువ అని కూడా అంటారని తెలిసి చర్చి ఆర్టిస్టు సిగ్గుపడుతూ, “అది నాకివ్వండన్నయ్యగారూ” అన్నాడు. మిగిలిన వృశ్చికమూ సప్తర్షులూ నా పాలిట పడ్డాయి. సప్తర్షులు సులువే కానీ, తేలుని వేసీ వేసీ రాత్రి దుప్పటి దులుపుకుని గాని పడుకునేవాణ్ణి కాదు.

గోడకి తగిలించిన నక్షత్రాల పటం చూసి గీశాం. నా తేళ్ళు ఎంత సహజంగా ఉండేవంటే, గది ఊడ్చే ఆవిడ చీపురు తిప్పి కొట్టబోయింది. మేం గీసిన కాగితాలు కలిపి కట్ట కట్టి ఇచ్చేవాళ్ళం. మేడమ్ వాటిని స్కానరులో పెట్టి, ప్రతిదానికీ పేరు కొట్టి, యంత్రానికి చూపించేది. అది నేర్చుకోడానికి మధ్యాహ్నమంతా పట్టేది. మధ్యలో కరెంటు పోయేది. అప్పుడు యూపీఎస్ వేసే కేకకి గూడెం స్టేషనులో ఆగిన గూడ్సు, గార్డు విజిలేశాడనుకుని కదిలేది.

వారం రోజుల్లో అద్భుతం జరిగింది. మేం ఏ కాగితం పెట్టినా యంత్రం తడుముకోకుండా చెప్పేస్తోంది. తప్పన్నదే లేదు. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. “ఇంత బాగా రాకూడదండీ” అంది అనుమానంగా.

“గురువులు మంచివాళ్ళు దొరికారమ్మా దానికి” అన్నారు పెద్దాయన.

ప్రొఫెసరుగారు వచ్చారు. నెరిసిన జుట్టు, పొట్టి మనిషి, బొద్దుగా ఉన్నారు. కరస్పాండెంటుగారు పక్కన కూర్చున్నారు. జీడిపప్పు ప్లేటు పెట్టారు. మేం ముగ్గురం గోడ పక్కన పెళ్ళికొడుకుల్లా నిలబడ్డాం. మా పాత కాగితాలు పెట్టారు. యంత్రం గడగడా చెప్పింది. కరస్పాండెంటుగారు మొదటిసారి ఉపయోగం అడగలేదు.

అప్పుడు ప్రొఫెసరుగారు, “నేనొకటి గీయొచ్చాండీ?” అని, జేబులో పెన్ను తీసి వేటగాణ్ణి గీశారు. చక్కగా ఉంది. పైన రెండు, కింద రెండు, నడుముకి మూడు, కత్తికి కొన్ని. స్కానరులో పెట్టారు.

యంత్రం ‘హంస’ అంది.

అదే వేటగాణ్ణి ఇంకోసారి గీశారు. ‘సప్తర్షులు’ అంది. మూడోసారీ అదే గీసి, మర్యాదకి కాగితం అడుగున ఆయన అలవాటు ప్రకారం చుట్టలా మెలితిప్పిన ఒక చిన్న సంతకం పెట్టారు. యంత్రం ఉత్సాహంగా ‘వృశ్చికం’ అంది.

“ఈ నెలలో సాయంత్రంపూట వృశ్చికం ఎక్కడ వస్తుందండీ” అన్నారాయన, నవ్వు ఆపుకుంటూ. కరస్పాండెంటుగారు జీడిపప్పు ప్లేటు తనవైపు జరుపుకున్నారు.

మేడమ్ ఆ మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. చర్చి ఆర్టిస్టు నా చెవి దగ్గర ఏదో అన్నాడు. వినపడలేదు.

“కాస్త గట్టిగా అనవయ్యా, ఇవాళైనా!”

“అది మీ చేపలాగుందండీ” అన్నాడు, ప్రొఫెసరుగారి సంతకం చూపించి.

నా ఒంట్లో రంగు దిగిపోయింది. మా బోర్డు ఆర్టిస్టులకి ఒక అలవాటుంది. పని పూర్తయ్యాక కుడివైపు అడుగున గుర్తు వెయ్యకుండా కుంచె కడగం. గుర్తు లేని బోర్డు వదిలి రావడమంటే చొక్కా లేకుండా బజారుకి వెళ్ళినట్టే. నాది చిన్న చేప, రెండు గీతలూ ఒక కన్నూ. పెద్దాయనది మెలిపెట్టిన మీసం. చర్చి ఆర్టిస్టుది పావురం. కొన్ని వందల కాగితాల మీద, ఎవ్వరం చెప్పుకోకుండా, ఎవరి గుర్తు వాళ్ళం వేసి పెట్టాం. పైగా ఆకాశాన్ని పంచుకున్నాం కదా! మీసం ఉన్న ప్రతి కాగితం వేటగాడే. పావురం ఉంటే హంసే. చేపకి రెండు, అయినా నేనా చేపని వృశ్చికంలో కుడికీ, సప్తర్షుల్లో చోటు చాలక ఎడమకీ తిప్పేవాణ్ణట. అది నాకే తెలియదు. యంత్రానికి తెలుసు.

మేడమ్ ఒక తెల్ల కాగితం తీసి నా చేతికిచ్చింది. “చుక్కలొద్దండి. మీ చేప ఒక్కటే వెయ్యండి.”

వేశాను. జీవితంలో అంత ఘోరమైన చేపని నేనెప్పుడూ వెయ్యలేదు. కాగితం లోపలికి వెళ్ళింది. ఆకాశంలో ఒక్క చుక్క కూడా లేదు. యంత్రం మాత్రం, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందన్నంత ధీమాగా, ‘వృశ్చికం’ అంది.

ప్రొఫెసరుగారు పకపకా నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, “యంత్రం తప్పేం లేదండీ అమ్మాయిగారూ” అన్నారు. “ఎదురుగా తేలిగ్గా ఏది కనిపిస్తే అది పట్టుకుంది. అంత పెద్ద ఆకాశాన్ని చూడమంటే ఎవరికైనా కష్టమే. మళ్ళీ నేర్పండి.”

“మళ్ళీయా!” అన్నారు కరస్పాండెంటుగారు. ఆయన లేచి కండువా సర్దుకుని మేడమ్ వైపు తిరిగారు. “ఒక్క అవకాశమండి. ఎవరి కోసం చేస్తున్నామంటున్నారో ఆ పిల్లల దగ్గరే చూపించండి. కొల్లేటికోట బళ్ళో. నేనే వస్తాను. అక్కడ కుదరకపోతే గది ఇచ్చెయ్యండి.”

ఆ సాయంత్రం మేం ముగ్గురం స్టేషనుకి నడుచుకుంటూ వెళ్ళాం. దారిలో పెద్దాయన అన్నారు: “ముప్ఫై అడుగుల కటౌటు వేసినప్పుడు కూడా జనం నా మీసం ఇంత శ్రద్ధగా చూళ్ళేదబ్బాయ్. ఈ యంత్రంగాడొక్కడే చూశాడు.” ఆయన గొంతులో కోపం లేదు. కాస్త గర్వం కూడా ఉంది.

మర్నాటినుంచి మా పని మారిపోయింది. ఇంక మేం గీయకూడదు. పిల్లల చేత గీయించాలి. దెందులూరు, పెంటపాడు వైపు బళ్ళన్నీ తిరిగాం. సాయంత్రం పిల్లల్ని గట్టు మీద నిలబెట్టి, అదిగో పటకా, అదిగో కత్తి అని చూపించడం, మర్నాడు వాళ్ళు గీసిన కాగితాలు పోగుచెయ్యడం. అరవయ్యేళ్ళ పెద్దాయన ఆకాశాన్ని చూడ్డం అదే మొదలట. “ఇంత పెద్ద తెర మీద ఎవడూ ఎక్కడా గుర్తు వెయ్యలేదబ్బాయ్” అన్నారు. చర్చి ఆర్టిస్టు గొంతు పిల్లల ముందు ఎక్కణ్ణుంచో ఊడిపడింది. పాట కట్టి మరీ చెప్పేవాడు. నేను ఏ కాగితం చూసినా చెయ్యి దురద పుట్టి కుడివైపు అడుక్కి జారేది. వేళ్ళు జేబులో పెట్టుకుని తిరిగాను. జేబులకి చిల్లులు పడ్డాయి.

మేడమ్ ఈసారి యంత్రానికి ఇంకొక మాట కూడా నేర్పింది. గట్టి నమ్మకం లేకపోతే ‘తెలియదు’ అనమని. మాకు అది నచ్చలేదు. వచ్చిన గిరాకీతో తెలియదని మా వంశాల్లో ఎవరూ అనలేదు. గుర్రం వెయ్యమంటే, గుర్రాన్ని చూడకపోయినా సరేనని, గాడిదని వేసి జూలు పెట్టి పంపించిన చేతులు మావి.

శివరాత్రి వెళ్ళిన కొత్తలో, కొల్లేరు మధ్యనున్న కొల్లేటికోటకి ప్రయాణమయ్యాం. కాలేజీ వ్యానులో గట్టుదాకా, అక్కణ్ణుంచి పడవలో. ఆ రోజుల్లో మానిటరంటే పూర్ణగర్భిణిలా ఉండేది. దాన్ని పెద్దాయన ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చున్నారు. గూడబాతులు మమ్మల్ని చూసి, చేపలు పట్టే కొత్త పరికరమేమో అని వెంటబడ్డాయి. ఇంకో పడవలో ఇస్త్రీ నలగని తెల్లబట్టల్లో కరస్పాండెంటుగారు, గొడుగు కింద.

బళ్ళో కరెంటు లేదు. చేపల చెరువు వాళ్ళ జనరేటరు తెచ్చి పెట్టారు. అది తిరుగుతుంటే గోడ మీది పటాలన్నీ భరతనాట్యం చేశాయి. ముందురోజు సాయంత్రం పిల్లలు గీసిన కాగితాలు బల్ల మీద ఉన్నాయి. మేడమ్ ఒక్కోటీ స్కానరులో పెడుతోంది.

‘వేటగాడు.’ ‘వేటగాడు.’ ‘సప్తర్షులు.’ ‘వేటగాడు.’

పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు కరస్పాండెంటుగారు చెయ్యెత్తి, కట్ట అడుగు నుంచి తన చేత్తో ఒక కాగితం లాగి ఇచ్చారు.

‘తెలియదు.’

మళ్ళీ పెట్టారు. ‘తెలియదు.’

“ఇది ఎవరు గీశారమ్మా?” అంది మేడమ్. రెండు జడల పిల్ల ఒకతి లేచి నిలబడింది. ఐదో తరగతి.

“నేనేనండి.”

“వేరేవాళ్ళది చూసి గీశావా, ఆకాశం చూసే గీశావా?” అన్నారు కరస్పాండెంటుగారు.

“ఆకాశమేనండి.”

పెద్దాయన కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి, “మనిషి వేటగాడే. కానీ కత్తి కిందికి వేలాడాలి కదా, పైకి లేచిందేంటి వీడికి?” అని గొణిగారు.

“నువ్వు ఎక్కడ నిలబడి చూశావమ్మా?” అని అడిగాడు చర్చి ఆర్టిస్టు.

“నిలబళ్ళేదండి. మా నాన్నతో దోనెలో ఉన్నాను. వల తీస్తుంటే దోనె ఊగుద్దండి, తలెత్తి చూస్తే పడిపోతాను. అందుకని నీళ్ళల్లో చూశానండి. నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు అక్కడా ఉంటాయి కదండీ చుక్కలు.”

పెద్దాయన కాగితాన్ని కిందది పైకి వచ్చేలా వెనక్కి తిప్పి, కిటికీకి ఆనించి పట్టుకున్నారు. వెనకనుంచి వెలుతురు పడింది. మామూలు ఇంకు, పల్చటి కాగితం. చుక్కలు ఇవతలికి కనిపించాయి. వేటగాడు నిటారుగా నిలబడ్డాడు, కత్తి కిందికి దిగింది. అలాగే ఇంకో కాగితం మీద ఆ చుక్కలు దించి యంత్రానికి ఇచ్చారు.

‘వేటగాడు.’

నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ యంత్రాన్ని చూడ్డం లేదు. ఆ పిల్లని చూస్తోంది. “తెలియదంది చూశారా” అంది మెల్లగా, మాతోనో తనతోనో. “ఇదివరకైతే ఏదో ఒకటి అనేసేది.”

కరస్పాండెంటుగారు మాత్రం ఆ మొదటి కాగితం చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయారు. ఇటు తిప్పి చూస్తున్నారు, అటు తిప్పి చూస్తున్నారు. ఇప్పుడడుగుతారు, ఉపయోగం ఏంటండీ అని, అనుకుని మేం ముగ్గురం కళ్ళు మూసుకున్నాం.

ఆయన అడగలేదు. ఆ పిల్లే అడిగింది, మేడమ్‌ని.

“దానికి నీళ్ళల్లో చుక్కలు తెలవవాండీ?”

“తెలియవమ్మా. ఎవరూ చూపించలేదు దానికి.”

“మరి చూపిద్దామాండీ? మా వాళ్ళందరూ దోనెల్లోనే ఉంటారండి సాయంత్రం.”

కరస్పాండెంటుగారు వెనక్కి తిరిగారు. “ఆ వ్యాను గట్టు దగ్గర ఎన్నాళ్ళుంటే సరిపోతుందండీ మేడమ్?” అన్నారు. జవాబు కోసం ఆగకుండా కంప్యూటరు ముందున్న కుర్చీ లాగి, ఆ పిల్లకి బల్ల అందదని, జరీ కండువా నాలుగు మడతలు పెట్టి దాని మీద వేశారు.

“కూర్చో అమ్మా” అన్నారు. “నువ్వు చెప్పు దానికి.”